చంద్రుడి దాకా వెళ్ళినవారి ఇళ్ళు



మొన్నొక ఆదివారం మా మనవరాలు పట్టుపట్టి నన్ను ఒక ఇంగ్లీషు సినిమా ముందు కూర్చోబెట్టింది. పేరు ‘ఫస్ట్ మ్యాన్’. 2018లో వచ్చిన సినిమా. చంద్రుడి మీద మొట్టమొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ. జేమ్స్ హాన్సెన్ అనే ఆయన 2005లో రాసిన జీవిత చరిత్ర దానికి ఆధారం. రాకెట్లూ మంటలూ పెద్ద చప్పుళ్ళూ ఉంటాయి కాబోలు, కాసేపు చూసి వంటింట్లోకి జారుకుందాం అనుకుంటూనే కూర్చున్నాను. చప్పుళ్ళు ఉన్నాయి నిజమే. కాని నన్ను లేవనివ్వకుండా పట్టుకున్నవి రాకెట్లు కావు, ఒక చిన్న పెట్టె.

ఆర్మ్‌స్ట్రాంగ్ గారి ఇంట్లో, ఆయన భార్య జానెట్ పక్కన, ఒక పెట్టె ఉంటుంది. దాంట్లోంచి మగవాళ్ళ గొంతులు గరగరమంటూ వస్తుంటాయి. పిల్లలు గోల చేస్తుంటారు, ఆవిడ వాళ్ళని కసురుతూ చెవి మాత్రం అటే పెట్టి ఉంచుతుంది. “అమ్మమ్మా, అది రేడియోనా?” అని అడిగింది మా పిల్ల. రేడియో అంటే మనకి తెలిసిన రేడియో కాదు. దాన్ని వాళ్ళు స్క్వాక్ బాక్స్ అన్నారు. కీచుమని అరిచే పెట్టె అన్నమాట. మనిషి రోదసిలో ఉన్నన్నాళ్ళూ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారు ఆ వ్యోమగామి ఇంట్లో దాన్ని అమర్చేవారు. పైనున్నవాళ్ళు కింద కంట్రోలు కేంద్రంతో ఏం మాట్లాడుతున్నారో అదంతా ఇంట్లో వినిపించేది. భార్య వినవచ్చు, మాట్లాడటానికి లేదు. ఇంకొక సంగతి. దాని మీట ఆవిడ చేతిలో లేదు, వాళ్ళ చేతిలో ఉంది.

ఇవాళ నేను మీతో చెప్పబోయేది ఆ పెట్టె గురించీ, దాని పక్కన కూర్చున్నవాళ్ళ గురించీ. చంద్రయాత్ర చరిత్ర పుస్తకాల్లో వాళ్ళకి సాధారణంగా ఒక ఫోటో, దాని కింద ఒక పంక్తి దక్కుతాయి.

1966 మార్చి 16న జెమిని 8 అనే నౌకలో ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ వెళ్ళారు. ముందే పైకి పంపిన అజీనా అనే మరొక వాహనాన్ని కలుసుకుని దానికి తమ నౌకను జతచేయడం వాళ్ళ పని. అంతరిక్షంలో రెండు నౌకలు ఒకదానికొకటి అతుక్కోవడం అదే మొదటిసారి. అతుక్కున్నాయి, అందరూ సంతోషించారు. అరగంట తిరక్కుండానే రెండూ కలిసి బొంగరంలా తిరగడం మొదలుపెట్టాయి. తప్పు అజీనాది అనుకుని విడిపోతే జెమిని ఇంకా వేగంగా తిరిగింది, సుమారు సెకనుకొక చుట్టు. నౌకని అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్లలో ఒకటి ఆగకుండా పేలుతూ ఉండిపోయిందని తర్వాత తెలిసింది. అలా తిరుగుతుంటే మనిషికి కళ్ళు బైర్లు కమ్మి స్పృహ తప్పుతుంది. స్పృహ తప్పితే అంతే సంగతులు. భూమికి దిగేటప్పుడు వాడటానికి విడిగా దాచుకున్న ఇంజన్లను వెలిగించి ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని ఆపాడు. ఒకసారి వాటిని వాడితే వెంటనే దిగిపోవాలని నియమం. మూడు రోజుల ప్రయాణం పదకొండు గంటలు కూడా నిండకుండా పసిఫిక్ సముద్రంలో ముగిసింది.

ఇదంతా పైన. కింద టెక్సస్‌లో ఎల్ లాగో అనే ఊళ్ళో, జానెట్ ఇంట్లో, ఆ గొంతులు వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాయి. పెట్టె పాడవలేదు. ప్రమాదం అని తెలియగానే అధికారులు తీసేశారు. పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చిన్నవాడికి ఇంకా మూడు నిండలేదు. ఆవిడ ఆగలేక నేరుగా కంట్రోలు కేంద్రానికి వెళ్ళింది. సినిమాలో ఆవిడ లోపలికి పోయి పెద్దమనుషుల్ని నిలదీస్తుంది, చూస్తున్న మనకి ప్రాణం లేచొస్తుంది. జరిగింది అది కాదు. తలుపు దగ్గరే ఆపేశారు, లోపలికి రానివ్వలేదు. వ్యోమగాములకు పెద్ద అయిన డీక్ స్లేటన్‌తో ఆవిడ తర్వాత చెప్పిందట: ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోను, నన్ను లోపలికి రానివ్వకపోతే లోకమంతటికీ చాటుతాను అని.

అధికారులు చెప్పే కారణం మనకి తెలియనిదేం కాదు. ఆడవాళ్ళు కంగారు పడతారు, వినకూడనిది వింటారు, ఇంటి చుట్టూ పత్రికలవాళ్ళు ఉన్నారు, బయటికి పొక్కుతుంది. వీటిలో చివరిదొక్కటీ కాస్త న్యాయంగా ఉందనుకోండి. కాని ఆ గొంతులు ఆగిపోతే ఆవిడకి కంగారు తగ్గుతుందని ఎలా అనుకున్నారో నాకు బోధపడలేదు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్ళని అడగండి, మాట వినపడటం భయమా, మాట ఆగిపోవడం భయమా అని.

వ్యోమగాముల ఇళ్ళకి ఈ అజమాయిషీ కొత్తగా వచ్చింది కాదు. 1959లో మొట్టమొదట ఏడుగురిని ఎంచుకున్నప్పుడే మొదలైంది. ఆ ఏడు కుటుంబాల కథలూ అచ్చువేసుకునే హక్కును ‘లైఫ్’ అనే పత్రిక 5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. మగవాళ్ళ సాహసాలతో పాటు ఇళ్ళూ పిల్లలూ భార్యల మనసులో మాటలూ అన్నీ అమ్ముడుపోయాయి. సైనికుల జీతాల మీద బతుకుతున్న సంసారాలు, కాదనగలవా? ఇంట్లో కలతలున్న మనిషిని పైకి పంపరన్న మాట ఒకటి ప్రచారంలో ఉండేది. గార్డన్ కూపర్ అనే ఆయన భార్య ట్రూడీ అప్పటికే ఆయన్ని విడిచి వేరుగా ఉంటోంది. పిల్లల్ని తీసుకుని తిరిగి వచ్చి, ఫోటోల్లో ఆయన పక్కన నవ్వుతూ నిలబడింది. తమాషా ఏమిటంటే ట్రూడీకి స్వయంగా విమానం నడపడం వచ్చు. ఆ ముక్క ఎవరికీ పట్టలేదు.

జాన్ గ్లెన్ భార్య ఆనీ సంగతి ఇంకొకటి. ఆవిడకి చిన్నప్పటి నుంచీ విపరీతమైన నత్తి. 1962 జనవరి 27న గ్లెన్ ప్రయాణం చివరి నిమిషంలో వాయిదా పడింది. ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆవిడ ఇంటి దగ్గరే కారులో ఉన్నాడు. టెలివిజన్ వాళ్ళను వెంటబెట్టుకుని లోపలికొచ్చి ఆవిడని ఓదార్చాలని ఆయన కోరిక. నత్తితో దేశమంతా చూస్తుండగా మాట్లాడటం ఇష్టం లేక ఆవిడ రావద్దంది. అధికారులు వెళ్ళి గ్లెన్‌ని ఒత్తిడి చేశారు, మీ ఆవిడకి నచ్చజెప్పు అని. ఆయన నచ్చజెప్పనన్నాడు, ఆవిడ మాటే నా మాట అన్నాడు. 1983లో వచ్చిన ‘ది రైట్ స్టఫ్’ సినిమాలో కూడా ఈ ఘట్టం ఉంది. భర్త అంటే ఇలా ఉండాలి అని మెచ్చుకోబుద్ధేస్తుంది. మెచ్చుకోండి. అయితే అదే గ్లెన్, అదే 1962వ సంవత్సరం జులైలో, పార్లమెంటు సభ్యుల కమిటీ ముందు ఆడవాళ్ళు వ్యోమగాములుగా లేకపోవడం మన సమాజపు కట్టుబాటు అని చెప్పివచ్చాడు.

ఆ కమిటీ ఎందుకు కూర్చుందంటే, 1960, 61 సంవత్సరాల్లో పదముగ్గురు స్త్రీలు, అందరూ విమానం నడిపేవాళ్ళే, మగ వ్యోమగాములకు పెట్టిన వైద్య పరీక్షలన్నీ ప్రైవేటుగా చేయించుకుని నెగ్గారు. వారిలో జేన్ హార్ట్ అనే ఆవిడ ఎనిమిదిమంది పిల్లల తల్లి. నేను ఇది చెప్పగానే మా మనవరాలు, “ఎనిమిదిమందా! అయితే రోదసిలోకి వెళ్తే కాస్త విశ్రాంతి దొరుకుతుందనుకుందేమో” అంది. నవ్వుకున్నాం. కాని వాళ్ళకి అడ్డం చెప్పిన నియమం చూడండి: వ్యోమగామి కావాలంటే జెట్ విమానాల పరీక్షలు చేసిన అనుభవం ఉండాలి; ఆ పని సైన్యంలో దొరుకుతుంది; సైన్యం ఆడవాళ్ళకి ఆ పని ఇవ్వదు. పదముగ్గురిలో ఒక్కరూ నాసా నౌకలో వెళ్ళలేదు. వాలీ ఫంక్ అనే ఆవిడ మాత్రం 2021 జులై 20న, 82 ఏళ్ళ వయసులో, ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్‌లో కొద్ది నిమిషాలు పైకి వెళ్ళివచ్చింది. ఆ తేదీ చంద్రుడి మీద దిగిన రోజే.

మళ్ళీ ఇళ్ళ దగ్గరికి వద్దాం.

1964 అక్టోబరు 31న టెడ్ ఫ్రీమన్ అనే వ్యోమగామి నడుపుతున్న శిక్షణ విమానాన్ని ఆకాశంలో ఒక బాతు ఢీకొంది. విమానం కూలి ఆయన పోయాడు. ఈ వార్త ఆయన భార్యకి ఎవరు చెప్పారనుకున్నారు? గుమ్మంలోకొచ్చిన ఒక పత్రికా విలేఖరి. నాసా వారు చెప్పేలోపల అతను వచ్చేశాడు. ఆ తర్వాత నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు, చావు కబురు తోటి వ్యోమగామే వెళ్ళి చెప్పాలి, ఆ లోపల ఇరుగుపొరుగు భార్యలెవరైనా వెళ్ళి ఆవిడకి తోడుండాలి అని. మంచి పద్ధతే. కాని దాని ఫలితం ఏమిటంటే, వేళకాని వేళ ఏ స్నేహితురాలు తలుపు తట్టినా గుండె ఆగినంత పనయ్యేది. 1966 ఫిబ్రవరి 28న ఎలియట్ సీ, చార్లెస్ బాసెట్ ఇద్దరూ సెయింట్ లూయిస్‌లో, తాము ఎక్కబోయే నౌక తయారవుతున్న భవనానికే విమానం తగిలి పోయారు. జానెట్ ఇంట్లో పెట్టె మూగబోయింది ఇది జరిగిన పదహారో రోజున. అది గుర్తుంచుకుంటే ఆ రాత్రి ఆవిడ కంట్రోలు కేంద్రానికి ఎందుకు పరుగెత్తిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళకి వెనక పెరటివైపు పొరుగు ఎడ్ వైట్, పాట్ వైట్ దంపతులు. 1965 జూన్ 3న నౌక బయటికి వచ్చి శూన్యంలో తేలిన మొదటి అమెరికన్ ఆ ఎడ్ వైటే. అంతకుముందు 1964లో ఒక అర్ధరాత్రి ఆర్మ్‌స్ట్రాంగ్ గారి ఇల్లు అంటుకుంటే, కంచె దూకి వచ్చి నీళ్ళ గొట్టం పట్టుకున్నది ఆయనే. పొగలోంచి ఆర్మ్‌స్ట్రాంగ్ చంటిపిల్లవాణ్ణి కిటికీలోంచి అందిస్తే అందుకున్నదీ ఆయనే. మన అగ్రహారాల్లో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళలా కలిసి బతికారు.

1967 జనవరి 27. ఆ సాయంత్రం గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ముగ్గురూ అపోలో నౌకలో కూర్చుని నేల మీదనే ఒక పరీక్ష చేస్తున్నారు. రాకెట్‌లో ఇంధనం లేదు, ఎగిరేది లేదు, కనుక ప్రమాదం లేదనుకున్నారు. లోపల నింపింది మాత్రం ఉత్త ప్రాణవాయువు, అదీ బయటి గాలి కంటె ఎక్కువ ఒత్తిడిలో. ఎక్కడో నిప్పురవ్వ పుట్టింది. తలుపు లోపలికి తెరుచుకునే రకం. బోల్టులు విప్పి తీయడానికి ఒకటిన్నర నిమిషమన్నా కావాలి. వాళ్ళకి అన్ని సెకన్లు దొరకలేదు. అదే సాయంత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ వాషింగ్టన్‌లో అధ్యక్షుడి భవనంలో ఉన్నాడు. అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోరాదన్న ఒప్పందం మీద సంతకాల వేడుక జరుగుతోంది. టెక్సస్‌లో జానెట్ పాట్ ఇంటికి వెళ్ళింది. కబురు చెప్పడానికి బిల్ ఆండర్స్ అనే వ్యోమగామి వచ్చాడు.

పాట్ కష్టం అంతటితో తీరలేదు. ముగ్గురినీ వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ శ్మశానంలో కలిపి ఖననం చేస్తే బాగుంటుందని అధికారులు నిశ్చయించారు. తను చదువుకున్న వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో ఉండాలని ఎడ్ కోరుకున్నాడని పాట్ చెప్పింది. నిన్ననే భర్త పోయిన మనిషిని ఒప్పించడానికి చూశారండి! ఫ్రాంక్ బోర్మన్ అనే మరో వ్యోమగామి ఆవిడ పక్షాన నిలబడి గట్టిగా మాట్లాడితే తప్ప ఆవిడ మాట చెల్లలేదు. చివరికి ఎడ్ వైట్‌ని వెస్ట్ పాయింట్‌లోనే ఉంచారు. గ్రిసమ్ భార్య బెటీ నౌక తయారుచేసిన కంపెనీ మీద దావా వేసి 1972లో 3 లక్షల 50 వేల డాలర్లు రాబట్టుకుంది. అందుకు ఆవిడని తప్పుపట్టినవాళ్ళున్నారు, వీరపత్నికి డబ్బు గొడవేమిటని. ఇద్దరు పిల్లల్ని పెంచవలసినది ఆవిడ కదా! ఈ చావుల తర్వాత నౌక తలుపు మార్చారు, కొద్ది సెకన్లలో బయటికి తెరుచుకునేలా.

పాట్ కోసం పోట్లాడిన బోర్మన్ స్వయంగా 1968 డిసెంబరులో అపోలో 8లో చంద్రుణ్ణి చుట్టిరావడానికి బయలుదేరాడు. మనుషులు చంద్రుడి దాకా పోవడం అదే మొదలు. ఆయన భార్య సూసన్, నాసాలో పెద్ద అధికారి క్రిస్ క్రాఫ్ట్‌ని సూటిగా అడిగింది, తిరిగొచ్చే అవకాశం ఎంత అని. సగానికి సగం అన్నాడాయన. నిజం చెప్పినందుకు ఆవిడ సంతోషించిందట! బయట లాన్‌లో కెమెరాల ముందు నవ్వుతూ నిలబడి, లోపలికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, భర్త సంస్మరణ సభలో ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టింది. అదే నౌకలో వెళ్ళిన జిమ్ లవెల్ ముందుగానే ఏర్పాటు చేసి, క్రిస్మస్‌నాడు భార్య మారిలిన్‌కి ఖరీదైన మింక్ బొచ్చుకోటు ఒకటి అందేలా చేశాడు, చంద్రుడిలోని మనిషి పంపినట్టు చీటీతో. పత్రికలన్నీ ఆ కోటు కథ రాశాయి. సూసన్ బల్ల కథ బయటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక 1969. సినిమాలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇక్కడ ఉంది. బయలుదేరే ముందు ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టె సర్దుకుంటూ పిల్లల్ని తప్పించుకు తిరుగుతుంటాడు. జానెట్ పట్టు పడుతుంది, నువ్వు తిరిగి రాకపోవచ్చునని వాళ్ళకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను అని. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆయన విలేఖరులకు చెప్పినట్టే చెబుతాడు. పెద్దవాడు లేచి తండ్రికి షేక్‌హ్యాండ్ ఇస్తాడు. మా పిల్ల అప్పటిదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉన్నది, అక్కడ నోరు మూసుకుంది.

ఇంటి భద్రత కోసం వాళ్ళు చేసిన ఏర్పాటొకటి సినిమాలో లేదు. అలాంటి ప్రయాణానికి తగినంత జీవిత బీమా వాళ్ళ తాహతుకి దొరకలేదు. ముగ్గురూ ఏం చేశారంటే, బయలుదేరే ముందు వేరుగా ఉంచిన రోజుల్లో, వందల కొద్దీ తపాలా కవర్ల మీద సంతకాలు చేశారు. వాటిని ఒక స్నేహితుడికి అప్పగించారు. ప్రయాణం మొదలైన రోజునా, చంద్రుడి మీద దిగిన రోజునా తపాలా ముద్రలు వేయించి కుటుంబాలకి అందజేయమన్నారు. తాము రాకపోతే స్టాంపులు సేకరించేవాళ్ళకి వాటిని అమ్ముకుని పిల్లల్ని చదివించుకుంటారని లెక్క. కోట్లాది డాలర్లు పోసి 363 అడుగుల రాకెట్ కట్టిన దేశంలో, దాని కొసన కూర్చునే మనిషి సంసారానికి భరోసా కవర్ల కట్ట.

చంద్రుడి మీద దిగిన నౌక తిరిగి లేవడానికి ఒకే ఒక ఇంజన్. అది వెలగకపోతే రెండోది లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ అక్కడే ఉండిపోవాలి. పైన చుట్టూ తిరుగుతున్న మైకేల్ కాలిన్స్ ఒక్కడూ ఇంటికి రావాలి. అలా జరిగితే అధ్యక్షుడు నిక్సన్ చదవవలసిన ప్రసంగాన్ని విలియం సఫైర్ అనే ఆయన జులై 18నే రాసి సిద్ధంగా ఉంచాడు. ఆ కాగితం 1999లో బయటపడింది. సినిమాలో దాన్ని చదువుతుంటే వినిపిస్తారు. ప్రసంగం గంభీరంగానే ఉంది. నాకు ఒళ్ళు జలదరించినది దాని కింద రాసిన సూచన. ప్రసంగానికి ముందు అధ్యక్షుడు ‘కాబోయే వితంతువు’లకు ఒక్కొక్కరికీ ఫోను చేయాలని. కాబోయే! భర్త అక్కడ ప్రాణాలతో ఉంటాడు, గాలి ఇంకా మిగిలే ఉంటుంది, ఇక్కడ ఫోను మోగుతుంది. తర్వాత వాళ్ళతో సంభాషణ ఆపేస్తారు, సముద్రంలో పోయినవారికి చేసినట్టు మతాచార్యుడు ప్రార్థన చేస్తాడు. అప్పుడు ఆ ఇళ్ళలో పెట్టె ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అది వట్టి ఊహ కూడా కాదు. తిరిగి బయలుదేరబోయే ముందు, ఆ ఇంజన్‌ని సిద్ధం చేసే మీట విరిగి కింద పడి ఉండటం ఆల్డ్రిన్ చూశాడు. ఇరుకులో ఎవరి వీపు మీది సామానో తగిలి విరిగింది. ఆయన జేబులోని స్కెచ్ పెన్ను దూర్చి దాన్ని లోపలికి నొక్కాడు. ఇంజన్ వెలిగింది.

ఇదే కాలంలో రష్యావారి ఇళ్ళ సంగతి కొంచెం చెబుతాను. అక్కడ పెట్టె అసలే లేదు. 1963 జూన్‌లో రోదసికి వెళ్ళిన మొదటి స్త్రీ వాలెంటినా తెరెష్కోవా, తల్లితో పారాచూట్ శిక్షణకి వెళ్తున్నానని చెప్పి బయలుదేరింది. కూతురు ఎక్కడుందో తల్లికి లోకంతో పాటే, ప్రకటన వెలువడ్డాకే తెలిసింది. యూరీ గగారిన్ 1961 ఏప్రిల్ 12న వెళ్ళాడు, అప్పటికి రెండో పాప పుట్టి నెల దాటింది. రెండు రోజుల ముందు భార్యకి ఒక ఉత్తరం రాసి పెట్టాడు, తనకేమన్నా అయితే ఇవ్వమని. పిల్లల్ని జాగ్రత్తగా పెంచమనీ, తన జీవితం తన ఇష్టం వచ్చినట్టు మలుచుకొమ్మనీ రాశాడు. ఆయన క్షేమంగా వచ్చాడు, ఉత్తరం దాచేశారు. 1968 మార్చిలో విమాన ప్రమాదంలో ఆయన పోయిన తర్వాత దాన్ని ఆవిడకిచ్చారు. ఏడేళ్ళ నాటి ఉత్తరం! ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 2020 దాకా బతికింది.

సినిమాతో నాకొక పేచీ ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులకి కారెన్ అని ఒక ఆడపిల్ల. మెదడులో గడ్డతో జబ్బుపడి, 1962 జనవరి 28న, మూడేళ్ళు నిండకుండానే పోయింది. ఆ రోజు తల్లిదండ్రుల ఆరో పెళ్ళిరోజు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పాప గురించి పైకి మాట్లాడేవాడు కాదు. సినిమా చివర ఆయన చంద్రుడి మీద ఒక గొయ్యి అంచున నిలబడి, పాప చేతి గొలుసుని అందులోకి జారవిడుస్తాడు. ఆయన చివర్లో ఆ గొయ్యి దగ్గరికి ఒక్కడూ గబగబా వెళ్ళివచ్చిన మాట నిజం, సుమారు 60 మీటర్ల దూరం. గొలుసుకి మాత్రం ఆధారం లేదు. కంటతడి పెట్టించే కల్పన. నేనూ పెట్టాను, దాచడమెందుకు? కాని పాప పోయింది తల్లికి కూడాను. ఆవిడ దుఃఖానికి ఏ గొయ్యి దొరికిందో సినిమా చూపించలేదు. అమెరికాలో ఈ సినిమా మీద పెద్ద గొడవే జరిగింది లెండి, జెండా పాతే దృశ్యం ఎందుకు పెట్టలేదని.

1969 నాటికి మన తెలుగు దేశంలో టెలివిజన్ లేదు. ఢిల్లీలో తప్ప దేశంలో ఎక్కడా లేదు. హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. మనకి చంద్రయాత్ర అంటే రేడియో. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపినప్పుడు మన గడియారాల్లో జులై 21, సోమవారం ఉదయం 8 గంటల 26 నిమిషాలు. మా ఇంట్లో రేడియో చుట్టూ వీధి వీధంతా చేరింది. మా నాయనమ్మ మాత్రం, “వాళ్ళ అమ్మ ఉందా? ఏమంటోందిట?” అని అడిగింది. అందరం నవ్వాం. ఎవరమూ జవాబు చెప్పలేదు, తెలియదు కనుక.

రెండేళ్ళ తర్వాత, 1971 డిసెంబరు యుద్ధం రోజుల్లో, మా పక్కింటి వదినగారి భర్త తూర్పు సరిహద్దులో ఉండేవాడు. వాళ్ళకి రేడియో లేదు. వార్తల వేళకి ఆవిడ పిట్టగోడ దగ్గరకొచ్చి నిలబడేది. “వార్తల్లో పేర్లు చెప్పరు కదా వదినా, ఎందుకు చలిలో నిలబడటం?” అంటే, “చెప్పరనే వింటున్నానమ్మా. ఆగిపోతేనే భయం” అనేది. ఆయన క్షేమంగా వచ్చాడు. స్క్వాక్ బాక్స్ గురించి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవిడే.

చంద్రుడి నుంచి వచ్చిన ముగ్గురూ ఆ సంవత్సరం ప్రపంచ యాత్ర చేశారు. అనేక దేశాలు తిరిగారు. అక్టోబరు 26న బొంబాయి వచ్చారు. వెంట జానెట్, జోన్, పాట్ కాలిన్స్, ముగ్గురు భార్యలూ ఉన్నారు. మొగుళ్ళు చంద్రుడి మీదికి వెళ్ళివచ్చారు, ఇక ఊరూరా నిలబడి నవ్వడం వీళ్ళ వంతు.

సినిమా ఒక అద్దం దగ్గర ముగుస్తుంది. చంద్రుడి నుంచి ఏ సూక్ష్మక్రిములు తెచ్చారోనని వ్యోమగాముల్ని మూడు వారాలు విడిగా ఉంచారు. అద్దానికి ఇటువైపు జానెట్, అటువైపు నీల్. చేయి ఎత్తి అద్దానికి ఆనిస్తారు. మాటలు లేవు.

“ఏమీ మాట్లాడుకోలేదేం అమ్మమ్మా?” అంది పిల్ల.

నిజానికి అక్కడొక టెలిఫోను ఉండేది, దాంట్లో మాట్లాడుకున్నారు అని చెప్పాను. వాళ్ళు 1994లో విడాకులు తీసుకున్నారని కూడా చెప్పాను. చిన్నపిల్లకి చెప్పాలా అని ఒక క్షణం తటపటాయించాను కాని, మీట నా చేతిలో ఉంది కదా అని ఆపెయ్యడం బాగుండదనిపించింది. నీల్ 2012లో పోయాడు. జానెట్ 2018 జూన్ 21న పోయింది. సినిమా ఆ అక్టోబరులో విడుదలైంది.

“మళ్ళీ ఆ పెట్టె దగ్గర పెట్టనా?” అంది. పెట్టమన్నాను.